మిర్యాలగూడలో మూడు ముక్కలైన కోణం

ఈ మూడు ఊళ్లకీ చూడ్డానికని ఎవరూ వెళ్లరు. సూర్యాపేట, కోదాడ అంటే హైదరాబాదు బస్సులో నిద్ర మధ్యలో కళ్లు తెరిచి, ‘ఎక్కడిదాకా వచ్చాం?’ అని అడిగే ఊళ్లు. మిర్యాలగూడ అంటే బియ్యం బస్తా మీద చదివే పేరు. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకూ అంతే. 1994 ఫిబ్రవరిలో నాలుగు రోజులు అక్కడ తిరిగి వచ్చాక, ఇప్పుడా పేర్లు ఎక్కడ కనబడినా కాసేపు ఆగుతున్నాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కాకినాడలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. ఒక వారపత్రికలో గణితం ఎలా పుట్టిందీ, ఎలా పెరిగిందీ మామూలు పాఠకులకు అర్థమయ్యేలా రాస్తుంటాను. దానివల్ల రెండు రకాల ఉత్తరాలు వస్తాయి. మా ఊరు వచ్చి మాట్లాడండి అనేవి ఒక రకం. లోకమంతా అసాధ్యమని వదిలేసిన లెక్కను నేను సాధించాను అనేవి రెండో రకం. ఈ రెండో రకంలో ఎక్కువ భాగం కోణాన్ని మూడు సమభాగాలు చేయడం గురించే.

కోణాన్ని రెండు చేయడం హైస్కూలు పిల్లలకు కూడా వచ్చు. మూడు చేయడం దగ్గరే వస్తుంది చిక్కు. గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖిని, ఈ రెండే వాడాలన్నది గ్రీకుల కాలం నాటి నియమం. రెండు వేల ఏళ్లు ఎందరో ప్రయత్నించారు. చివరికి పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఫ్రెంచి యువకుడు, అది ఎవరి వల్లా ఎప్పటికీ కాదని రుజువు చేశాడు. అందుకని అలాంటి ఉత్తరాలకు జవాబుగా నేనొక కార్డు అచ్చేయించి పెట్టుకున్నాను: ‘ఇది అసాధ్యమని రుజువైనది. దయచేసి వృథాశ్రమ పడవద్దు.’ ఉత్తరం విప్పి, ‘కోణం’, ‘మూడు భాగాలు’ అన్న మాటలు కనబడగానే ఆ కార్డు పోస్టు చేసేదాన్ని. మిగతాది చదివేదాన్ని కాదు.

మిర్యాలగూడ నుంచి ఒకాయనకు రెండుసార్లు ఆ కార్డు వెళ్లింది. మూడో ఉత్తరం నేను బయల్దేరే రోజున వచ్చింది. దాన్నైతే విప్పకుండానే సంచీలో పడేసుకున్నాను.

సూర్యాపేట

పిలిచింది సూర్యాపేట టీచర్లు. ఉదయం బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తింటుంటే సర్వరు గిన్నె పట్టుకొచ్చి, “పల్లి చట్నీ ఎయ్యాల్నా?” అన్నాడు. పల్లీలంటే మా వేరుశనగపప్పని నాకు తెలుసు కానీ, ఆ ‘ఎయ్యాల్నా’ ఎంత ముద్దుగా ఉందో! రెండోసారి వినడం కోసమే మళ్లీ వేయించుకున్నాను. ప్లేటు మూడు రూపాయలు. మా ఊళ్లో అల్లప్పచ్చడి లేని ఇడ్లీ ఇడ్లీయే కాదు. ఇక్కడ అల్లప్పచ్చడి అడిగితే నావైపు జాలిగా చూశారు.

వాళ్ల స్కూల్లో సున్న గురించి మాట్లాడటానికి మా కాలేజీ నుంచి బొమ్మలు చూపించే యంత్రం మోసుకొచ్చాను. మొదటి బొమ్మ తెర మీద పడగానే కరెంటు పోయింది. అరగంట చూశాం. చివరికి ఆ స్కూలు హెడ్మాస్టరుగారు, “కరెంటును నమ్ముకుంటె మన పని గాదు మేడమ్,” అని హాస్టలు వంటింట్లోంచి గంపెడు చింతగింజలు తెప్పించారు. నేల మీద మూడు గళ్లు గీసి, గింజల్ని ఒకట్లు, పదులు, వందలుగా పేర్చాం. రెండు వందల మూడు పేర్చేటప్పుడు మధ్య గడి ఖాళీగా మిగిలింది. ఈ ఖాళీకి ఒక గుర్తు పెట్టాలని, ఆ గుర్తునూ ఒక అంకెలాగే కూడి తీసివేయవచ్చని మన దేశంలో ఎవరికో తోచింది. ఇవాళ లోకమంతా లెక్కలు చేస్తున్నది ఆ ఊహ మీదే. బొమ్మలతో అయితే ఇంత బాగా చెప్పగలిగేదాన్ని కాదు.

కోదాడ బస్సులో

పక్క సీట్లో ఎల్లమ్మ కూర్చుంది. అరవై దాటిన మనిషి. గొర్ల మందను కొడుకులకు అప్పజెప్పి మునగాలలో ఉన్న కూతుర్ని చూడటానికి వెళుతోంది. ఏం పని చేస్తావని అడిగింది. లెక్కలు చెబుతానన్నాను.

“అట్లయితె నా మంద ఎంతనో చెప్పు సూద్దాం.”

“చూడకుండా ఎలా చెబుతానమ్మా?”

“సూస్తె నేను గూడ చెప్త బిడ్డా,” అని బస్సంతా వినబడేలా నవ్వింది.

ఆవిడకు అంకెలు రాయడం రాదు. పొద్దుగూకి మంద దొడ్లోకి వచ్చేటప్పుడు, ఇరవై జీవాలు దాటగానే కొంగుకు ఒక ముడి వేస్తుందట. “ఏడు ముళ్లు పడాలె. పడకపోతె ఎనుకకు పోయి ఎతకాలె.” సముద్రాల అవతల కొండదేశాల్లో, వెనకటి రాజుల లెక్కలన్నీ తాళ్ల ముళ్లలోనే ఉండేవని తరగతిలో ఏటా చెబుతాను. ముడివేసే చెయ్యి చూడటం అదే మొదటిసారి. మునగాలలో దిగబోతూ నా ఒళ్లో నాలుగు జామకాయలు పడేసి, వద్దంటున్నా వినకుండా వెళ్లిపోయింది.

కోదాడ

కోదాడలో మళ్లీ ‘అండీ’ వినబడింది. మెస్సులో అన్నం వడ్డించే ఆయన ఒక మాట “ఇంకొంచెం వేయమంటారాండీ?” అనీ, వెంటనే రెండో మాట “జర పెరుగేస్కోండ్రి” అనీ అన్నాడు. పన్నెండు రూపాయల భోజనంలో గోంగూర మా వైపుది, పచ్చిపులుసు ఆ వైపుది. రెండూ కలుపుకుని తిన్నాను.

ఆ మధ్యాహ్నం ఒక కాలేజీలో, అప్పటికి వేడివేడిగా ఉన్న సంగతి చెప్పాను. మూడున్నర శతాబ్దాల కిందట ఫ్రాన్సులో ఒక న్యాయమూర్తి, ఒక వర్గాన్ని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు గానీ ఒక ఘనాన్ని రెండు ఘనాలుగా గానీ, అంతకు పైఘాతాల్లో గానీ రాయలేమని పుస్తకం అంచున రాసుకున్నాడు. రుజువు ఉంది కానీ ఈ అంచు చాలదు అన్నాడు. అప్పటినుంచి దాన్ని ఎవరూ రుజువు చేయలేకపోయారు. ముందు ఏడాది జూన్‌లో ఒక ఇంగ్లండు గణితజ్ఞుడు, ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా పనిచేసి, సాధించానని ప్రకటించాడు. కొద్దినెలల్లో అందులో ఒక కన్నం బయటపడింది. నేను మాట్లాడుతున్న రోజుకు ఆ కన్నం అలాగే ఉంది. (ఆ సెప్టెంబరులో ఆయన దాన్ని పూడ్చాడు. ఆ రోజు ఆ సంగతి మాకెవరికీ తెలియదు.)

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. “మేడమ్, ఆ కన్నం పూడకపోతే ఆయన ఏడేళ్లూ వేస్టేనా అండీ?”

“కాదమ్మా. ఆయన చేసింది శ్రద్ధగా చదివేవాళ్లకు అందులో ఎంతో దొరుకుతుంది,” అన్నాను. చప్పట్లు కొట్టారు. బసకు వచ్చి సంచీ సర్దుకుంటుంటే మిర్యాలగూడ ఉత్తరం చేతికి తగిలింది. శ్రద్ధగా చదవాలని అంతకు గంట ముందే నలుగురిలో చెప్పి వచ్చాను. సిగ్గేసింది. విప్పాను.

అది ఒక బియ్యం మిల్లు కాగితం మీద, ఆ మిల్లు గుమాస్తా చేత రాయించినది. కింద ‘వడ్ల బ్రహ్మయ్య’ అని వంకరటింకర సంతకం. ‘అమ్మా, మీరు పంపిన రెండు కార్డులు ముట్టినవి. అవి మంచిగ ఉన్నవి. కాని నేను చేసింది మీరు చూడలేదని అనిపించుచున్నది. ఒక్కసారి చూసి తప్పు ఎక్కడున్నదో చెప్పగలరు. అప్పుడు మానుకుంటాను.’ వెనక ఒక బొమ్మ. గుమాస్తాకు గీత రాకపోవడంతో అది నాకేమీ అర్థం కాలేదు.

ఉత్తరం మీద మిల్లు ఫోను నంబరు ఉంది. ఎస్టీడీ బూత్‌లోంచి ఫోను చేసి, రేపు వస్తున్నానని బ్రహ్మయ్యగారికి చెప్పమన్నాను. తప్పెక్కడుందో పది నిమిషాల్లో చూపించి సాయంత్రం రైలెక్కేయవచ్చనుకున్నాను.

మిర్యాలగూడ

హుజూర్‌నగర్ మీదుగా బస్సు వెళ్లింది. దారంతా సాగర్ కాలువ నీళ్లు, కొత్తగా నాటిన వరి. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే ఉడికిన వడ్ల వాసన కిటికీల్లోంచి లోపలికి వచ్చేసింది. మా గోదావరి వైపు పచ్చి వడ్లే ఎక్కువ ఆడిస్తారు. ఈ వాసన నాకు కొత్త. ఊళ్లో చెట్ల ఆకుల మీద కూడా ఊకబూడిద. తెల్లచీర కట్టుకొచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

బస్సు దిగగానే పాతికేళ్ల అమ్మాయి ఎదురొచ్చింది. “నమస్తే మేడమ్. నా పేరు సువర్ణ. బ్రహ్మయ్య బిడ్డను. ఇక్కడ స్కూల్ల లెక్కలు చెప్త.” నా సంచీ అందుకుంది కానీ నడవలేదు. “ఇంటికి పోకముందు మీతోని ఒక మాట.”

“చెప్పమ్మా.”

“మా నాయినకు గట్టిగ చెప్పండ్రి. మీరు చెప్తెనన్న ఇంటడేమో. ఆరేండ్ల సంది గదే పని. మిల్లుల అందరు ‘మూడు ముక్కల బ్రహ్మయ్య’ అని నవ్వుతున్నరు. మా స్కూల్ల గూడ తెలిసింది. పుస్తకంల కాదని ఉంది నాయినా, ఇడ్సిపెట్టు అన్న. అప్పటి సంది నాతోని ఆ ముచ్చటే తియ్యడు. ఉత్తరాలు గూడ గుమాస్తతోని రాపిచ్చిండు.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మంచి పనోడు మేడమ్ మా నాయిన. నలుగురు నవ్వుతుంటె సూడలేను.”

“ఆయన గీసింది నువ్వు చూశావా?”

“సూసుడెందుకు మేడమ్? కాదని రుజువైంది గద.”

ఆ మాట నా కార్డు మీద అచ్చైన మాటే.

పట్టీ మీద రెండు గీతలు

బ్రహ్మయ్యగారిది మిల్లుల వెనక రెండు గదుల రేకుల ఇల్లు. ముందు పందిరి కింద చెక్కపని. అరవై ఏళ్లుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, కుర్చీని రెండుసార్లు దులిపి వేశాడు. నా రెండు కార్డులూ గోడ మీద క్యాలెండరు మేకుకే తగిలించి ఉన్నాయి. నేను వాటివైపు చూడటం గమనించి, “జవాబు రాసిండ్రు గద, అదే శాన,” అన్నాడు. ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

కథ ఆయనే చెప్పాడు. బండిచక్రాలు చేసే ఇంట్లో పుట్టాడు. చక్రం అంచుకు ఆరు చెక్కలు. వృత్తం గీసిన కొలతతోనే అంచు వెంబడి అడుగులేస్తే సరిగ్గా ఆరు వస్తాయని చిన్నప్పుడే తండ్రి నేర్పాడు. బండ్లు తగ్గాక మిల్లుల్లో చెక్కపనికి వచ్చాడు. ఒక పాత మిల్లులో ఊకను ఎగదోసే తొమ్మిది రెక్కల ఫ్యాను విరిగితే, అలాంటిదే చేయమన్నారు.

“ఆరు తెలుసు. ఒకటిడిసి ఒకటి పడ్తె మూడు. మూడింట్ల ఒక్కొక్కదాన్ని మల్ల మూడు జేస్తె తొమ్మిది. గా మూడు జేసుడే తెల్వలే. అందాజుగ జరుపుకుంట జరుపుకుంట కొట్టిన. ఫ్యాను మంచిగనే తిరిగింది. కాని అందాజుగ చేసిన గద, నాకు మనసున వట్టలే.”

“తర్వాత?”

“తర్వాత ఇగ గదే సోయి, గదే ద్యాస.”

నున్నగా చిత్రిక పట్టిన చెక్కపలక ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద ఒక వృత్తం. కేంద్రం నుంచి రెండు గీతలు, మధ్య ఒక కోణం. ఒక గీత అంచును తాకిన చోట సన్నటి మేకు కొట్టాడు. రెండో గీతను కేంద్రం దాటించి వెనక్కి, వృత్తం బయటికి పొడిగించాడు. తర్వాత టేకు పట్టీ తీశాడు. దాని మీద పెన్సిలుతో రెండు గుర్తులు. ఆ గుర్తుల మధ్య దూరం వృత్తం వ్యాసార్ధమంత. పట్టీని మేకుకు ఆనించి, ఒక గుర్తును బయటి గీత మీద ఉంచుతూ, రెండో గుర్తు వృత్తం అంచుకు తగిలేదాకా మెల్లగా జరిపాడు. తగిలింది. పట్టీ వెంబడి గీత గీశాడు.

“గీడ బయట పడ్డ కోణం సూడుండ్రి. లోపటిదాంట్ల మూడో వంతు.”

తప్పు వెంటనే కనిపెట్టేశాను. “బ్రహ్మయ్యగారూ, స్కేలు మీద గుర్తులు ఉండకూడదండీ. అది నియమం.”

ఆయన పట్టీని తిప్పి చూసుకున్నాడు. “గీతల్లేని పట్టీతోని మేం ఏం పని జేస్తం మేడమ్? గీతలు పెడ్తె ఏం తప్పు?”

నియమానికి తప్పు. కానీ కోణానికి? నేను ఆ రెండో ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదని ఆ క్షణాన తెలిసింది. పలకను ఒళ్లోకి లాక్కున్నాను. ఆ బొమ్మ నాకు తెలుసు. పాతికేళ్ల కిందట ఎం.ఏ. చదివేటప్పుడు ఒక పాదసూచికలో చూసి మరిచిపోయిన బొమ్మ. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట సిసిలీ ద్వీపంలో ఒక గ్రీకు మహాగణితజ్ఞుడు చేసినదిగా చెప్పే పద్ధతి. ఐదో తరగతి చదివిన ఈయన, దాన్ని ఎక్కడా చూడకుండా, ఈ పందిరి కింద మళ్లీ కనిపెట్టాడు.

“ఇది కరెక్టు,” అన్నాను. “అందాజు కాదు. వెంట్రుకవాసి తేడా లేకుండా కరెక్టు.”

గడపలో నిలబడ్డ సువర్ణ, “ఏంది మేడమ్?” అంది.

నాకు చేతనైనంతలో అంతా చెప్పాను. తప్పు ఆయనది కాదనీ, చూడకుండా కార్డు పంపిన నాదనీ చెప్పాను. ఆ పద్ధతి ఇంతకు ముందే ఒకరికి తెలుసని కూడా దాచకుండా చెప్పాను. అది చెప్పడమే కష్టమైంది. ఆయన పట్టీ మీది రెండు గుర్తులనూ బొటనవేలితో తడిమాడు. ఆరేళ్లు తవ్వి తీసింది ఇంకొకరిదని తెలిస్తే ఎలా ఉంటుందో!

“ఆయనది ఏం పని?” అని అడిగాడు చివరికి.

“లెక్కలు. యంత్రాలు కూడా చేసేవాడు. నీళ్లు పైకి తోడే మర, బరువులెత్తే కప్పీలు.”

“అట్లనా! అయితె పనోడే.” మొహం విప్పారింది. “మరి గీతల్లేని పట్టీతోని కాదంటున్నరు గద. రేపెవడన్న చేస్తడేమో. కాదని ఎట్ల చెప్తరు?”

ఆ ప్రశ్న వేయడానికి గణితానికి రెండు వేల ఏళ్లు పట్టింది. “గీతల్లేని పట్టీ, వృత్తలేఖిని, ఈ రెండిటితో ఎన్నిసార్లు గీసినా రెండింతల మెట్లే ఎక్కుతామండీ. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. కోణంలో మూడో వంతు ఉండేది మూడు అంకె వేసిన మెట్టు మీద. ఆ నిచ్చెనకు అలాంటి మెట్టే లేదు. ఒక కుర్రాడు అది రుజువు చేశాడు.”

“అయితె అది మనిషి తప్పు గాదు. పనిముట్టుది,” అన్నాడు బ్రహ్మయ్య. ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెబుతూ నేనెప్పుడూ అంత పొట్టిగా చెప్పలేదు. తర్వాత ఆయన గొంతు తగ్గించి అన్నాడు: “ఇన్నొద్దులు అయితదని తెల్సు గాని, ఎందుకయితదో నాకు తెల్వదు మేడమ్. నాకు గావాల్సింది గదే.”

నేను నోరు తెరిచేలోగా సువర్ణ వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. పలక తనవైపు తిప్పుకుంది. ఆమె వేలు గీతల వెంబడి వెళుతోంది, ఆగుతోంది, మళ్లీ మొదటికి వస్తోంది. నాకు తెలుసు, చెప్పలేదు.

“నాయినా, గీ రెండు గుర్తుల నడుమ ఎంత ఉందో, అంచు మీది గుర్తు నుంచి కేంద్రానికి గంతే ఉంది. రెండు వైపులు సమానం. అంటె గీ కోణమెంతో గా కోణం గంతే. ఒక పాలు అనుకో.” పెన్సిలు తీసుకుంది. “రెండూ కలిస్తె ఆ గుర్తు కాడి బాహ్యకోణం. రెండు పాళ్లు. ఇటు సూడు, కేంద్రం నుంచి మేకుకు గూడ అంతే దూరం. కాబట్టి మేకు కాడ గూడ రెండు పాళ్లే.” పెన్సిలు మొనను పెద్ద కోణం మీద పెట్టింది. “నువ్వు తీసుకున్న పెద్ద కోణం, మేకు కాడి రెండు పాళ్లు, బయటి ఒక పాలు, కలిస్తె వచ్చేదే. మూడు పాళ్లు నాయినా! మూడు!”

బ్రహ్మయ్య పలక చూడటం లేదు. కూతుర్ని చూస్తున్నాడు.

“గిదే బిడ్డా నేనడిగింది,” అన్నాడు.

సువర్ణ తల మోకాళ్లలో పెట్టుకుంది. “నేనొక్కసారన్న సూడకపోతి నాయినా,” అంటూ ఏడ్చింది. ఆయన రంపపుపొట్టు అంటిన చేత్తో ఆమె జుట్టు నిమిరాడు. ఆ పొట్టు జుట్టులో అలాగే ఉండిపోయింది. లోపల్నుంచి సువర్ణ తల్లి, అన్నం చల్లారిపోతోందని మూడోసారి పిలిచింది. కొత్తబియ్యపు అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు. ఆ పూట ఎంత తిన్నానో నాకే తెలియదు.

రైల్వే స్టేషను

సాయంత్రం రైలుకు ఇద్దరూ వచ్చారు. ఇంటి దగ్గర బయల్దేరేముందే గోడ మీది కార్డులు తీసిచ్చేయమని అడిగాను. సువర్ణ ఇచ్చింది, మా ఇంట్లో మిగిలిన కార్డుల కట్టతోబాటు వాటినీ తర్వాత చింపేశాను. పత్రికలో ఇదంతా రాస్తాను, మీ పేరు వేయవచ్చా అన్నాను. “ఆ పెద్దమనిషిది గూడ ఎయ్యుండ్రి. ముందుగాల ఆయనది,” అన్నాడు బ్రహ్మయ్య. ఆ వారం వ్యాసంలో అలాగే వేశాను.

రైలు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన ఊచ పట్టుకుని నిలబడి, ఏదో అడగాలా వద్దా అన్నట్టు చూశాడు.

“మేడమ్, ఆ పెద్దమనిషి ఎట్ల పోయిండు?”

“యుద్ధంలో అంటారండీ. శత్రువులు ఊళ్లోకి వచ్చేశారు. ఆయన నేల మీద బొమ్మలు గీసుకుంటూ ఏదో లెక్కలో ఉన్నాడట. ఒక సిపాయి వచ్చి లెమ్మన్నాడు. ఇది అయ్యేదాకా ఆగమన్నాడట ఆయన. సిపాయి కత్తి దూశాడు.”

రైలు కదిలింది. బ్రహ్మయ్య ఊచ వదలకుండా నాలుగు అడుగులు పక్కనే నడిచాడు.

“లెక్క అయిందా మరి, అప్పటికి?”

“తెలియదండీ. కాలేదనే అంటారు.”

ఆయన చెయ్యి జారింది. ప్లాట్‌ఫారం మీద ఆగిపోయి, సొంత మనిషి పోయిన కబురు విన్నట్టుగా తల అటూ ఇటూ ఊపాడు. రైలు చప్పుడులో ఆయన కూతురితో అన్న మాట నాకు వినబడింది.

“జరసేపు ఆగితె ఏం పోతుండె బిడ్డా, ఆ సిపాయికి?”